సన్యాసుల గడపకి శ్రావణ శుక్రవారం

ఆ రోజుల్లో అమెరికా వచ్చిన కొత్త కోడళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కొక్క బెంగ ఉండేది. ఒకరికి కరివేపాకు బెంగ, ఒకరికి పనిమనిషి బెంగ, ఇంకొకరికి పొద్దున్నే కూరగాయల బండి కేక వినపడదన్న బెంగ. నాది పైకి చెప్పుకుంటే నవ్వుతారని చెప్పుకోలేని బెంగ. నాకు గడప బెంగ. పెళ్ళయిన కొత్తలో వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో మా ఆయన అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్‌కి వచ్చి, లోపలికి అడుగు పెట్టబోతూ అలవాటుకొద్దీ కిందికి చూస్తే అక్కడ గడప లేదు. ఒక అల్యూమినియం పట్టీ ఉంది. దానికి ఇవతల సిమెంటు, అవతల కార్పెట్, అంతే. మా నరసరావుపేట ఇంట్లో గడపంటే మాటలా? పొద్దున్నే అమ్మ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టేదాకా ఇంట్లోవాళ్ళెవరూ దాన్ని దాటి బయటికి పోకూడదు. గడప మీద కూర్చోకూడదు, గడప తొక్కకూడదు, గడపకి అటొకరు ఇటొకరు నిలబడి ఇచ్చిపుచ్చుకోకూడదు. ఇన్ని కట్టుబాట్లు ఒళ్ళంతా పట్టించుకుని, తీరా పాటిద్దామంటే గడపే లేని దేశంలో వచ్చి పడ్డాను. ఉండబట్టలేక మొదటి శుక్రవారం ఆ అల్యూమినియం పట్టీకే పసుపు రాశాను. పట్టీకి అంటలేదు కానీ కార్పెట్ అంచుకి మాత్రం నిక్షేపంగా పట్టింది. మా ఆయన సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చి చూసి, "ఇది అద్దిల్లమ్మా తల్లీ" అని ఒక్క మాటని, సోఫాని ఈడ్చుకొచ్చి ఆ మరక మీద వేశాడు. వాకిట్లో సోఫా వేసుకుని కాపురం చేసినవాళ్ళు ఆ ఊళ్ళో మేమొక్కళ్ళమే అయ్యుంటాం. ఇంట్లోకి రావాలంటే దాని పక్కనుంచి అడ్డంగా తిరిగి దూరి రావాలి (కాస్త ఒళ్ళున్న స్నేహితులు కొందరు రాకపోకలు తగ్గించేశారు కూడా).

నాది హెచ్-ఫోర్ వీసా. అంటే మా ఆయన హెచ్-వన్‌కి తోక. తోకకి ఉద్యోగం చేసే హక్కు లేదు, జీతం పుచ్చుకునే హక్కు అంతకన్నా లేదు. కారు నడపడం అప్పటికి రాదు. రోజూ మధ్యాహ్నం దాకా టీవీలో ఎవరో ఇళ్ళు కొనుక్కోవడం చూస్తూ, వాళ్ళ గడపల్ని విమర్శిస్తూ కూర్చునేదాన్ని. అలాంటి రోజుల్లో లైబ్రరీలో ఒక బోర్డు మీద చీటీ కనిపించింది. ఊరికి పడమటివైపు ఒక ఆవుల ఫార్మ్‌లో పాత రాతికట్టడం ఉందనీ, వచ్చినవాళ్ళకి చూపించడానికి జీతం లేని మనుషులు కావాలనీ. జీతం లేని అన్న మాట చూడగానే ఇది నా కోసమే రాశారనిపించింది. మా ఆయనకి చూపిస్తే, "వాలంటీరింగ్ కదా, వీసాకి ప్రాబ్లం లేదు" అని అటు రెండుసార్లు ఇటు రెండుసార్లు నెట్‌లో చదివి, మరుసటి ఆదివారం డ్రైవ్ చేసి తీసుకెళ్ళాడు.

ఆ ఫార్మ్ ఓనర్ ఒక పెద్దావిడ. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, తలకి పాత టోపీ, అవసరానికి మించి ఒక్క మాట ఖర్చుపెట్టని మనిషి. నన్ను ఎగాదిగా చూసి, "ఆవులంటే భయమా?" అని అడిగింది. ఆవంటే మాకు తల్లితో సమానమని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. "మా చుక్కలావుతో ఆ మాట అనకు, అసలే పొగరు" అంది. ఇంటర్వ్యూ అయిపోయింది. వెంటనే ఆవులకొట్టం దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ చూశాను ఆ రాతికట్టడాన్ని. కొట్టమంతా మామూలు చెక్కలే, పైన మామూలు రేకులే. కానీ ఉత్తరం వైపు గోడ మాత్రం తెల్లటి పాతరాయి, అందులో కోసుగా పైకి లేచిన రెండు కిటికీలు, మధ్యలో అలాంటిదే పెద్ద వాకిలి. ఆ వాకిట్లోంచి అప్పుడే ఒక ఆవు తాపీగా తల ఆడించుకుంటూ బయటికి వచ్చింది.

దాని కథ పెద్దావిడ చెప్పింది, నేను ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ అప్పజెప్పాను, కాబట్టి నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇంగ్లండ్‌లో ఎక్కడో పల్లెటూళ్ళో వందల ఏళ్ళ కిందట ఒక ప్రయరీ ఉండేదట. ప్రయరీ అంటే చిన్న క్రైస్తవ మఠం. కొద్దిమంది సన్యాసులు అక్కడే ప్రార్థన చేసుకుంటూ, అక్కడే పండించుకు తింటూ బతికేవారు. కాలం మారి సన్యాసులు పోయారు, మఠం కూలిపోయింది, ఊళ్ళోవాళ్ళు తలా ఇన్ని రాళ్ళు పట్టుకుపోతున్నారు. ఆ సమయంలో పెద్దావిడ తాతగారు వ్యాపారం మీద అటు వెళ్ళి, మిగిలిన గోడని చూసి మోజుపడి, రాయి రాయికీ గుర్తు వేయించి, ఓడకెక్కించి వర్జీనియాకి తెచ్చుకున్నాడు. దానితో భార్యకి మేడ కట్టిస్తానన్నాడు. ఆవిడ "చచ్చిపోయిన సన్యాసుల ఇంట్లో నేను కాపురం చేయను" అని ఖచ్చితంగా చెప్పేసింది. ఆ రాళ్ళు కొన్నాళ్ళు పొలంలో పడి ఉండి, చివరికి ఆవులకొట్టానికి గోడయ్యాయి. ఈ ముక్క చెప్పినప్పుడల్లా చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు నవ్వేవారు, మగవాళ్ళు కిటికీల వైపు చూసేవారు.

అందరూ కిటికీలు చూస్తే నేను చూసింది గడపని. నిజమైన రాతి గడప. ఎన్ని వందల ఏళ్ళు ఎంతమంది సన్యాసులు తొక్కారో, ఆ తర్వాత ఎన్ని ఆవులు తొక్కాయో, నడిమధ్యలో పళ్ళెంలా గుంటపడి నున్నగా ఉంది. చూడగానే కడుపు నిండిపోయింది నాకు. ఆ రోజే వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "సన్యాసులు తొక్కిన గడప, ఆవులు తొక్కే గడప. అట్టాంటిది మన పేట మొత్తానికి లేదే. బోసిగా ఎందుకుంచారు దాన్ని?" అంది. వాళ్ళకి అలవాటు లేదమ్మా అన్నాను. "వాళ్ళకి లేకపోతే నీకేమైందే?" అంది. అమ్మ అలా విత్తనం వేసి వదిలేస్తుంది, మొలిచాక నాకేం తెలియదంటుంది.

పెద్దావిడ నాకు పెట్టిన నియమాలు మూడే. కిటికీలు ముట్టుకోకూడదు, గోడకి ఆనుకోకూడదు, చుక్కలావు వెనక నిలబడకూడదు. గడప సంగతి ఆవిడ ఎత్తలేదు (ఈ పాయింటు మీద నేను తర్వాత చాలాకాలం వాదించాను). అలా వసంతం పోయి ఎండాకాలం వచ్చింది. ఆగస్టులో పెద్దావిడ మనవరాలి పెళ్ళి కుదిరింది. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎప్పుడో మొదటి ఆడపిల్ల పెళ్ళినాడు హఠాత్తుగా వాన వస్తే, పెళ్ళికూతురు తడవకుండా నిలబడడానికి ఆ రాతి వాకిలే దొరికిందట. అప్పటినుంచి ఆ ఇంటి పెళ్ళికూతుళ్ళంతా ఆ కొట్టంలోంచి, ఆ గడప దాటి, బయట కూర్చున్న చుట్టాల మధ్యకి నడిచి వస్తారు. వెనక తల్లి నిలబడి గౌను అంచు సర్ది పంపిస్తుంది. పెద్దావిడ అలాగే వచ్చింది, ఆవిడ కూతురూ అలాగే వచ్చింది. ఆ కూతురు అంతకు మూడేళ్ళ ముందు జబ్బుచేసి పోయింది. పెళ్ళికూతురు ఆవిడ బిడ్డే. ఆ పిల్ల ఫార్మ్‌కి వచ్చినప్పుడల్లా తల్లి పెళ్ళిఫొటో ఒకటి చేతిలో పట్టుకుని ఆ గడప మీద నిలబడి, "అమ్మ ఇక్కడే నిలబడింది, సరిగ్గా ఈ గుంటలో" అని నాకు చూపించేది. హాల్ బుక్ చేసుకుందామని పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఎంత చెప్పినా వినలేదట. ఆ రాయి మీద తల్లి నిలబడినట్టే నిలబడి ఫొటో తీయించుకోవాలి, అదొక్కటే ఆ పిల్ల కోరిక.

పెళ్ళి శనివారం. ముందురోజు శుభ్రం చేసే పని ఉంది రమ్మంటే మా ఆయన ఆఫీస్‌కి వెళుతూ నన్ను దింపి వెళ్ళాడు. ఆ రోజు శ్రావణ శుక్రవారం. పెళ్ళయ్యాక నాకు వచ్చిన మొదటి శ్రావణం. పెద్దావిడ ఆవుల్ని దూరంగా మేపుకు తోలుకెళ్ళింది. కొట్టంలో నేనొక్కదాన్నే. నీళ్ళు పోసి గడప కడిగాను. తడిసిన రాయి మెరిసింది. పక్కన పెళ్ళి ఏర్పాట్లు, తెల్ల కుర్చీలు, పూలు. పొద్దున్నే స్నానం చేసి వచ్చాను. సంచీలో పసుపూ కుంకుమా బియ్యప్పిండీ ఉన్నాయి (ఎందుకున్నాయని అడగకండి, ఉన్నాయి). రేపు తల్లిలేని పిల్ల దాటబోయే గడప ఇలా బోసిగా ఉంటే ఎలా అనిపించింది. అంతే, కూర్చున్నాను. చిక్కగా కలిపి, గుంటలో కూడా వదలకుండా, ఈ చివరినుంచి ఆ చివరికి పసుపు రాశాను. కుంకుమ బొట్లు పెట్టాను. ముందు పిండితో చిన్న ముగ్గు కూడా వేశాను. లేచి నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే నాకే కళ్ళు చెమర్చాయి. ఫొటో తీసి అమ్మకి పంపితే అమ్మ క్షణంలో చుట్టాల గ్రూప్‌లో పెట్టేసింది. మా పిన్ని, "సొంతిల్లు కొన్నారన్న మాట, మాతో చెప్పనే లేదు" అని నిష్ఠూరం. బాబాయి, "ఉత్తర సింహద్వారం, కలిసొస్తుంది" అని ఆశీర్వచనం. నేను ఆ మెసేజీలు చదువుకుని మురిసిపోతుండగా వెనక రబ్బరు బూట్ల చప్పుడు ఆగింది.

పెద్దావిడ గడప వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ గడప వైపు చూసింది. "పెయింటా?" అంది. కాదు, పసుపు, కూరల్లో వేసుకునేదే అన్నాను. మంచిదేనని నమ్మకం కలిగించడానికి కొంచెం నవ్వాను కూడా. ఆవిడ నవ్వలేదు. వంగి వేలితో రుద్దింది. వేలు పచ్చబడింది, రాయి పచ్చగానే ఉంది. "ఇది నీరు తాగే రాయి. దీనికి ఏది పెట్టినా లోపలికి పోతుంది. మధ్యాహ్నం పిల్ల వస్తుంది" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఆవిడ అటు ఆవుల దగ్గరికి వెళ్ళగానే నేను బకెట్ అందుకున్నాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. నేను తొక్కడం అయింది, ఇక కడగడం మొదలుపెట్టాను. మామూలు నీళ్ళతో కడిగితే పైపసుపు పోయింది కానీ రాయి ముద్దబంతిపువ్వు రంగులోనే ఉంది. కంగారులో చుట్టూ చూస్తే పాలక్యాన్లు తోమే సబ్బుపొడి కనిపించింది. ఎలాంటి జిడ్డునైనా వదలగొట్టే పొడి అది. గుప్పెడు పోసి, బ్రష్ తీసుకుని, ఉన్న బలమంతా పెట్టి రుద్దాను. ఇప్పుడు మీరు నన్ను తిట్టబోతున్నారని నాకు తెలుసు. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో తెలుగింట పుట్టిన ఏ ఆడపిల్లకైనా తెలుస్తుంది. పసుపులో సున్నం కలిపి పెళ్ళికూతురి కాళ్ళకి పారాణి పెట్టే జాతి మనది. నాకూ తెలుసు. కానీ భయంలో తెలిసినవి కూడా తెలియకుండా పోతాయి. చూస్తుండగానే నా బ్రష్ కింద గడప ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎర్రబడింది. ఎరుపంటే అలాంటిలాంటి ఎరుపు కాదు. అప్పుడే పోతురాజుకి మేకపోతుని బలిచ్చినట్టు, గుంటలో నిండుగా, అంచుల వెంట కారుతూ.

గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు సరిగ్గా అప్పుడే కారొచ్చి ఆగింది. పెళ్ళికూతురు దిగి, చేతిలో ఫొటో పట్టుకుని గబగబా వచ్చి, ఆ ఎర్రటి గడపనీ, మోచేతుల దాకా ఎర్రబడిన నా చేతుల్నీ చూసి, "చుక్కలావుకి ఏమైంది?" అంది. ఆవుకేమీ కాలేదు, నేనే, అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆ పిల్ల కోప్పడలేదు. ఒక తెల్ల కుర్చీలో కూర్చుని ఫొటో వైపు చూస్తూ, "ఇది అమ్మ నిలబడిన రాయి" అని మాత్రం అంది. ఆ మాటకి నాకు ఏడుపు ఆగలేదు. ఊరుకాని ఊళ్ళో, మనవాళ్ళు కానివాళ్ళ ఇంట్లో, ఎవరూ అడక్కుండా పోయి, ఒక తల్లిలేని పిల్లకున్న ఒక్క ఆశనీ తగలబెట్టానే అనుకుని కుళ్ళికుళ్ళి ఏడ్చాను. చివరికి ఆ పిల్లే లేచి వచ్చి నా భుజం తట్టాల్సి వచ్చింది.

మా ఆయనకి ఫోన్ చేస్తే హాఫ్ డే లీవ్ పెట్టి వచ్చేశాడు. గడపని చూసి పాలిపోయాడు. నన్ను పక్కకి పిలిచి, "నువ్వు డిపెండెంట్ వీసా మీద ఉన్నావ్. ఇది హిస్టారిక్ ప్రాపర్టీ. డ్యామేజ్ అంటే రేపు గ్రీన్‌కార్డ్ అప్లై చేసేటప్పుడు ఏం రాయాలి?" అన్నాడు. పసుపు రాసిందని రాయండి అన్నాను. "జోక్‌లా?" అన్నాడు. జోకు కాదు, నిజంగానే అన్నాను, నాకప్పుడు బుర్ర పనిచేయడం లేదు. ఇక లాభం లేదని అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దుపోయింది. అమ్మ ఆ ఎరుపు చూసి నుదురు కొట్టుకుంది. "సబ్బెందుకు పెట్టావే పిచ్చిమొహమా?" అంది. నువ్వే కదమ్మా బోసిగా ఉందన్నావ్ అంటే, "నేను మాటవరసకన్నాను" అంది. మొలిచింది కదా, ఇక ఆవిడకి సంబంధం లేదు. తర్వాత నెమ్మదించి, "నిమ్మకాయ పిండు. ఎరుపు విరిగి మళ్ళీ పచ్చబడుద్ది. తర్వాత ఎండ తగలనీ. పసుపు ఎండకి ఆగదు" అంది. అది పెద్దావిడకి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నిమ్మకాయ అనగానే చెయ్యి అడ్డం పెట్టింది. పులుపు తగిలితే ఆ రాయి కరుగుతుందట. "ఎండైతే ఫరవాలేదు" అని, తల పైకెత్తి చూరు వైపు చూసింది. మేమందరం చూశాం. అది ఉత్తరపు వాకిలి. పాలు చల్లగా ఉండాలని కావాలనే అటు పెట్టించాడు తాతగారు. ఆ గడప మీద ఏ వేళా ఎండ పడదు. మా బాబాయి మెచ్చుకున్న సింహద్వారం సంగతి అదీ.

పదడుగుల అవతల పెరట్లో మాత్రం ఆగస్టు ఎండ మండిపోతోంది. అప్పుడు పెళ్ళికూతురు మా కారు వైపు చూసి, "ఆ అద్దం ముందు పెట్టిన వెండికాగితం ఎవరిది?" అని అడిగింది. కారు వేడెక్కకుండా మా ఆయన అద్దానికి అడ్డం పెట్టుకునే తళతళలాడే పరదా అది. ఆ పిల్ల దాన్ని తెచ్చి ఎండలో విప్పి వంచేసరికి ఒక వెలుగు ముక్క గోడ మీద గంతులేసి, కిటికీ మీద పాకి, గడప మీద పడింది. అంతే, అందరికీ ప్రాణం లేచొచ్చింది. పెద్దావిడ తన పడగ్గదిలో నిలువుటద్దం పట్టుకురమ్మంది. మా ఆయనా పెళ్ళికూతురూ కలిసి మోసుకొచ్చారు. వంటింట్లోంచి కేకులు కాల్చే రేకులు వచ్చాయి. నా టిఫిన్ డబ్బా మూత కూడా పనికొచ్చింది. మా ఆయనలో ఇంజనీరు నిద్రలేచాడు. "ఈ అద్దం ఇంకొంచెం లెఫ్ట్‌కి టిల్ట్ చేయండి, ఆ ట్రే కిందికి" అని పెద్దావిడకే ఆర్డర్లు వేశాడు. ఆవిడ వినడం నేను చూశాను. మంచినీళ్ళతో రెండుమూడుసార్లు సబ్బంతా పోయేలా కడిగి, అద్దాలు పట్టుకుని నిలబడ్డాం. సూర్యుడు కదిలినకొద్దీ మేమూ కదిలాం. మబ్బు అడ్డం వస్తే నలుగురం తలలెత్తి దాన్ని తిట్టుకున్నాం (ఎవరి భాషలో వాళ్ళం). చుక్కలావు కంచె దగ్గర నిలబడి నెమరు వేయడం మానేసి మమ్మల్నే చూసింది.

చేతులు పీకుతుంటే కబుర్లు మొదలయ్యాయి. అసలు ఇదెందుకు పూస్తారని పెళ్ళికూతురు అడిగింది. మంచి జరగాలని అన్నాను. అంతకన్నా నాకూ తెలియదు. అడగకుండా చేసే పనులకి అర్థం చెప్పమంటే కష్టం. ఈ ఎరుపే మా పెళ్ళికూతుళ్ళ కాళ్ళకి పెడతారు, నేను తప్పిపోయి గడపకి పెట్టాను అంటే, ఆ రోజంతట్లో మొదటిసారి నవ్వింది. "నీకు ఎవరు పెట్టారు?" అంది. మా అమ్మే అన్నాను. ఆ పిల్ల తల తిప్పుకుని అద్దాన్ని కొంచెం సర్దుకుంది. నేను ఆ మాట అనకుండా ఉండాల్సిందని అప్పుడు నాలుక కరుచుకున్నాను.

మా అమ్మ మాట అబద్ధం కాలేదు. ఎరుపు ముందు ఇటుక రంగుకి దిగింది, తర్వాత పచ్చబడింది, సాయంత్రానికి పాలిపోయి, పాలపొంగు మీద మీగడంత రంగుకి వచ్చింది. పడమట మబ్బులు కమ్ముకొస్తుంటే పెద్దావిడ మోకాళ్ళ మీద వంగి, అరచేత్తో గుంటంతా తడిమి, "చాలు, పోయింది" అంది. నేను మళ్ళీ ఏడ్చాను. మా ఆయన, "ఇప్పుడెందుకు?" అన్నాడు. అప్పుడు భయంతో, ఇప్పుడు సంతోషంతో అంటే అర్థం చేసుకునేంత పాతబడలేదు మా కాపురం.

మర్నాడు పట్టుచీర కట్టుకుని, వెనక వరసలో ఎవరికీ కనపడకుండా కూర్చోవాలని నిర్ణయించుకుని వెళ్ళాను. పెద్దావిడ ఎదురొచ్చింది. ఆ రోజు బూట్లు లేవు, లేతనీలం గౌనులో ఎవరో అనుకున్నాను. "నా మోకాళ్ళు వంగి లేచేలా లేవు. నిన్న వాటిని అరగదీశాను. లోపల పిల్ల గౌను సర్దడానికి మనిషి కావాలి. నువ్వెలాగూ ఆ గడపని వదలవు కదా, వెళ్ళు" అంది. అది చేయాల్సింది తల్లి అని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ఇద్దరం ఆ మాట అనుకోలేదు. లోపలికి వెళ్ళాను. స్నేహితురాళ్ళంతా ఒక్కొక్కరే ముందు నడిచి వెళ్ళిపోయారు. కొట్టంలో పెళ్ళికూతురూ, వెనక గౌను అంచు పట్టుకుని నేనూ మిగిలాం. బయట వయొలిన్ అందుకుంది. అందరూ లేచి నిలబడి ఇటు తిరిగారు. పిల్ల గడప ముందుకి వచ్చి ఆగిపోయింది. వయొలిన్ అతను వాయించిందే మళ్ళీ వాయించాడు. పిల్ల కదల్లేదు. కిందికి, ఆ గుంట వైపే చూస్తోంది. చిన్న గొంతుతో "నా వల్ల కాదు" అంది.

ఏం చెప్పాలి? నాకున్న ఇంగ్లీషు మఠం కథ చెప్పడానికి సరిపోయేది, దీనికి సరిపోదు. పైగా నేనెవరిని? ఏ చుట్టరికం లేని, నిన్న ఆ రాయిని పాడుచేసిన మనిషిని. కానీ గడప ముందు ఆడపిల్ల ఆగిపోతే వెనక ఉన్న ఆడది ఏమంటుందో ఆ మాటే నా నోట్లోంచి వచ్చేసింది, అదీ తెలుగులో, అందరికీ వినపడేట్టు. "కుడికాలమ్మా. కుడికాలు ముందు పెట్టు." పిల్ల ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. అర్థం కాలేదు. నేను చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి, నా కుడిపాదాన్ని నేల మీద తట్టి చూపించాను. ఆ పిల్ల నా పాదం వైపు చూసింది, తన పాదం వైపు చూసుకుంది. కళ్ళనిండా నీళ్ళతోనే నవ్వి, గౌను ఎత్తి పట్టుకుని, కుడికాలు ఆ గుంటలో పెట్టి, క్షణం నిలబడి, ఫొటో అయ్యాక దాటి వెళ్ళిపోయింది. నేను అంచు వదిలేశాక కూడా చెయ్యి అలాగే చాపి ఉన్నానట. మా ఆయన చెప్పాడు.

భోజనాల దగ్గర పెద్దావిడ పక్కన కూర్చోబెట్టుకుని, లోపల దానితో ఏమన్నావని అడిగింది. చెప్పాను. ఆవిడ కాసేపు పళ్ళెంలో ఫోర్క్ కదుపుతూ ఉండి, "నా కూతురు వెళ్ళేటప్పుడు నేను ఏదో ఒకటి చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. గౌను సర్ది ఊరుకున్నాను" అంది. నేను ఆవిడ చేతి మీద చెయ్యి వేశాను. తీసేయలేదు. ఆ రాత్రే అమ్మకి ఇదంతా చెబితే, అంతా విని ముక్కు చీదుకుని, "అయినా కుడికాలు లోపలికొచ్చేటప్పుడు కదే పెట్టమనేది? బయటికెళ్ళేటప్పుడు ఎవరంటారే?" అంది. నిజమే. నాకప్పటిదాకా తట్టనే లేదు.

ఇప్పుడు మేం వర్జీనియా వదిలి ప్లేనో అనే ఊళ్ళో ఉంటున్నాం. సొంతిల్లే. మా పిన్ని నిష్ఠూరం ఆలస్యంగానైనా తీరింది. గడప కూడా ఉంది, మంచి టేకుది. దానికి పసుపు రంగులో, మధ్యమధ్య ఎర్రబొట్లతో, పైన ముగ్గుతో సహా అచ్చువేసిన స్టిక్కరు అంటించాను, ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. శ్రావణ శుక్రవారం వస్తే తడిగుడ్డతో ఒకసారి తుడుస్తాను. మరక పడదు, ఎర్రబడదు, ఎవరూ ఏడవరు. మా అమ్మాయి దాన్ని తొక్కుకుంటూ వెళుతుంది, నేను కేకేస్తే, "మామ్, ఇట్స్ జస్ట్ స్టిక్కర్ కదా" అంటుంది. కార్పెట్‌నీ సన్యాసుల గడపనీ వదలకుండా పసుపు రాసిన ఆ పిల్ల ఎటు పోయిందో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. సొంత గడప లేని రోజుల్లో కనిపించిన ప్రతి గడపా నాదే అనుకున్నాను. ఇల్లంటూ వచ్చాక, ఆరేళ్ళయి పక్కింట్లో ఒక కుటుంబం ఉంటోంది, వాళ్ళ గడప రాయో చెక్కో కూడా నాకు తెలియదు. రేపు వెళ్ళి చూడాలి. ఈ మాట పైకే అన్నట్టున్నాను, మా ఆయన వంటింట్లోంచి అంటున్నాడు, "చూసి రా, తప్పేం లేదు. చేతిలో మాత్రం ఏమీ పట్టుకెళ్ళకు."